దొరసాని సమాధి ఉన్న సర్వే నంబరు

1982 ఫిబ్రవరి. అప్పటికి పదకొండేళ్ళుగా నేను సర్వే శాఖలో పనిచేస్తున్నాను. నంద్యాల ఆఫీసులో డిప్యూటీ సర్వేయరును. ఒక పాత పెంకుటింట్లో మా ఆఫీసు ఉండేది. ముందుగదిలో నాలుగు బల్లలు, వెనకగదిలో గ్రామాలవారీగా కట్టి పెట్టిన ఎఫ్.ఎం.బి.లు. ఎఫ్.ఎం.బి. అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. అందులో ప్రతి సర్వే నంబరుకూ ఒక పుట ఉంటుంది. ఆ పుటలో పొలం ఆకారం, గట్ల పొడవులు గీసి ఉంటాయి. కొలతలన్నీ లింకులలో. అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసును చైన్ అంటాం. దానిలో నూరు లింకులు. ఆ పుటలు మొదట తయారైంది తెల్లదొరల పాలనలో. మీ కొలతకూ పాత పుస్తకానికీ తేడా వస్తే ముందు మీ కొలతనే అనుమానించండని మాకు శిక్షణలో చెప్పారు. సాధారణంగా అది మంచి సలహానే.

ఆ నెల నా బల్ల మీదికి ఒక ఎఫ్-లైన్ అర్జీ వచ్చింది. పొలం హద్దును రికార్డు ప్రకారం నేల మీద మళ్ళీ చూపించమని పట్టాదారు పెట్టుకునే అర్జీని ఎఫ్-లైన్ అంటారు. ఈ పట్టాదారు ఒక క్రైస్తవ సంఘం. ఊరు ఆళ్ళగడ్డకు కొద్ది దూరంలో ఉంది. ఆ ఊరి పేరు, ఆ మిషన్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎంతో ఒద్దికైన చేతిరాతతో ఉన్న ఆ అర్జీలో ఒక వాక్యం దగ్గర నా చూపు ఆగింది: "ముంపు ప్రాంతాల నుంచి వచ్చిన సంచారులు మా సమాధుల తోటను ఆక్రమించే ప్రమాదం ఉన్నందున, తూర్పు హద్దును తక్షణం నిర్ధారించ ప్రార్థన."

నేనూ ఆ మతంవాణ్ణే. మా నాయన మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. నంద్యాలలో మా సంఘానికి నేను పెద్దల్లో ఒకణ్ణి. ముంపు ప్రాంతాలు కూడా నాకు తెలియనివి కావు. వాటిలో కొన్నింటిని కొలిచిన చెయ్యి నాదే.

ఆ సంగతి ముందు చెప్పాలి. మూడేళ్ళ క్రితం శ్రీశైలం జలాశయం కోసం భూసేకరణ జరుగుతున్నప్పుడు, నందికొట్కూరుకు అవతల కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో పద్దెనిమిది రోజులు పనిచేశాను. నాతో చైన్‌మన్ ఖాసీం ఉన్నాడు. గొలుసు లాగేది, మేకులు గుచ్చేది చైన్‌మన్ పని. ఖాసీం అదనంగా ఊరందరితోనూ మాట్లాడేవాడు. ముంపు జాబితా అనే ఫారంలో వరుసగా గడులుండేవి: ఇల్లు, పాక, బావి, పండ్లచెట్టు, కలపచెట్టు. ఆఖరి రోజున ఊరి చివర వాడలో జాబితా ముగించి సంతకం పెడుతుండగా ఒక పెద్దాయన ఎదురొచ్చి నిలబడ్డాడు. పేరు ఏసేపు. వాడలోని చిన్న గుడికి ఆయనే గంట కొట్టేవాడు.

"సారూ, ఇండ్లు రాసుకుంటిరి, చెట్లు రాసుకుంటిరి. మా గోరీలు రాసుకోరా?"

"ఈ కాగితంలో వాటికి గడి లేదు పెద్దాయనా."

"గడి ల్యాకపోతే గోరీ గూడా ల్యానట్టేనా?"

జవాబు లేనప్పుడు సంఘపెద్దలు చేసే పనే నేనూ చేశాను, బైబిలు వాక్యం చెప్పాను. విశ్వాసుల తండ్రి అని మేము చెప్పుకునే పితరుడు దేవుని మాట మీద సొంత ఊరు విడిచి, ఎక్కడికి పోతున్నాడో కూడా తెలియకుండా బయలుదేరాడు కదా అన్నాను. మనమంతా ఈ భూమి మీద పరదేశులం, యాత్రికులం కదా అన్నాను. చిన్నప్పటి నుంచి వేదిక మీద విన్న మాటలే కాబట్టి తడుముకోకుండా వచ్చాయి.

ఏసేపు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆయన్ను దేవుడు పేరు పెట్టి పిలిచినాడు సార్. మాకొచ్చింది తాసిల్దారు నోటీసు. రెండూ ఒగటే అంటే ఎట్లప్పా?"

ఖాసీం గొలుసు మడుస్తూ నవ్వాడు. "పెద్దప్పా, మా సారుకు నోట మాట రాకుండా చేసినోనివి నువ్వొక్కనివే. ఈ పొద్దుకు చాలు, ఇడిసిపెట్టు."

నేను పుస్తకం మూసి జీపెక్కాను. తరువాత రెండేళ్ళకు ఆ ఊరి మీదికి నీళ్ళు వచ్చాయి.

ఇప్పుడు మళ్ళీ 1982కు వస్తాను. శనివారం ఉదయం ఖాసీం, నేను నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగాం. తాలూకా ఆఫీసులో ఆ గ్రామం తాలూకు పాత సెటిల్‌మెంటు రిజిస్టరు నుంచి నకలు రాసుకున్నాను. ఏ నంబరు పట్టా, ఏది ప్రభుత్వ పోరంబోకు, ఏది ఎందుకు వాడుకలో ఉంది అన్నది ఆ రిజిస్టరులో ఉంటుంది. పక్క నంబరు వివరాలు కూడా రాసుకోవడం నా అలవాటు. హద్దు ఎప్పుడూ ఇద్దరిది. ఆ అలవాటు ఇంత పని చేస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఎద్దుల బండిలో సామాను వేసుకొని ఆ ఊరు చేరేసరికి సంఘ కార్యదర్శి దానియేలు మాస్టారు గుడి వసారాలో మా కోసం సిద్ధంగా ఉన్నాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, ఇస్త్రీ ధోవతి, జేబులో రెండు పెన్నులు. అర్జీ రాసింది ఆయనే. పక్కన పాస్టరు జీవరత్నం గారు, నలభై ఏళ్ళ మనిషి, ఆ సంఘానికి బదిలీ మీద వచ్చి ఏడాది అయింది.

"ఏడు కుటుంబాలు దిగినాయి సార్, కాలువ పనికి వచ్చి" అన్నాడు మాస్టారు. "ఆరాధనకు రానీ, మాకేం అభ్యంతరం లేదు. కానీ వాళ్ళ దగ్గర బదిలీ పత్రం లేదు."

బదిలీ పత్రం గురించి తెలియనివారి కోసం చెప్పాలి. ఒక సంఘ సభ్యుడు వేరే ఊరికి పోతే, ఈయన మా దగ్గర మంచి స్థితిలో ఉన్నాడని పాత సంఘం పాస్టరు ఇచ్చే కాగితం అది. వాడలో దాన్ని చీటీ అంటారు. చీటీ ఉంటేనే కొత్త సంఘపు రిజిస్టరులో పేరు ఎక్కుతుంది; పేరు ఎక్కితేనే సమాధుల తోటలో భూస్థాపన. మాస్టారు ఆ రిజిస్టరు తెచ్చి చూపించాడు. అట్ట చినిగినా లోపల గీతలు చెక్కుచెదరలేదు. సంఘం నుంచి తగ్గిపోయినవారికి మూడు గడులు: చనిపోయినవారు, పత్రంతో బదిలీ అయినవారు, చెప్పకుండా పోయినవారు.

"దొరలు పెట్టిపోయిన పద్ధతి. ముప్పై ఏళ్ళుగా ఒక్క గీత తప్పకుండా నడుపుతున్నా" అన్నాడు మాస్టారు. ఆ మాటలోని గర్వం నాకు అర్థమయింది. అది నా వృత్తి గర్వం లాంటిదే.

"వాళ్ళ పాత సంఘం నుంచి పత్రం తెప్పించుకోవచ్చు కదా?" అన్నాను.

"వాళ్ళ పాత సంఘం నీళ్ళ కింద ఉంది సార్" అన్నాడు పాస్టరు, మెల్లగా.

మాస్టారు ఆయన వైపు చూడలేదు. "మీకు తెలీదు సార్. ఈరోజు గోరీ అంటారు, రేపు గుడిసె అంటారు. ఈ తోట కోసం మా నాయన కోర్టుల చుట్టూ తిరిగినాడు. ఉండేది ఎంత చోటు? మా పిల్లలకు రేపు యాడ పెట్టాల?" ఆ భయం అబద్ధం కాదు. తోట నిజంగానే చిన్నది. పడమటి వైపు సమాధులు ఒకదానినొకటి తాకుతున్నాయి.

తోట తూర్పు భాగంలో నడుమెత్తు రాతిగోడ లోపల మూడు సమాధులు: ఒక దొర, దొరసాని, ఒక పసిబిడ్డ. రాయి పెట్టిన సమాధులన్నిటిలోకీ అవే పాతవి. గోడకు తూర్పున నాగజెముడు కంచె వరకు ఖాళీ నేల. తమ పట్టా ఆ కంచె దాకా ఉందని సంఘం నమ్మకం. ముంపు ఊరి వాళ్ళు అడుగుతున్నది ఆ ఖాళీ నేలలో చోటు.

కంచె దగ్గర నిలబడి ఉన్న మనిషిని ఖాసీం నాకంటే ముందు గుర్తుపట్టాడు. "ఓయ్ పెద్దప్పా! గోరీలు రాసుకోమంటివే, నువ్వే గదా?"

ఏసేపు చిక్కిపోయాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు గాని నవ్వలేదు. "ఈడికీ గొలుసు తెస్తిరా సార్? మీరు యాడ గొలుసు పరిస్తే ఆన్నుంచి మేము లేసిపోవాల్సిందే."

వాళ్ళ గుడిసెలు కాలువ గట్టు మీద ఉన్నాయి. అక్కడికి తీసుకుపోయాడు. ఆయన భార్య మార్తమ్మ నులకమంచం మీద ఆనుకొని కూర్చుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. ఊపిరి తీయడమే ఒక పనిలాగా ఉంది. ఆళ్ళగడ్డ డాక్టరు గుండెకు నీరు పట్టిందన్నాడట. ఆమెకు తన సంగతి తెలుసు. ఏసేపు చెప్పబోతే అడ్డం వచ్చింది.

"నేను చెప్తా ఉండు. నాయనా, ఆడ మా అత్తా మామల గోరీలు, నా ఇద్దరు బిడ్డల గోరీలు నీళ్ళ కిందికి పోయినాయి. ఈడ మా మరిది పోతే తోటలో పెట్టనీయలే. కాలవ గట్టున పెట్టినాం. కార్తీకంలో నీళ్ళిడిస్తే గట్టు జారె, గోరీ జారె. నాకేం పెద్ద ఆశ ల్యా. నీళ్ళు రాని చోట పెట్టమంటాండా. అంతే."

"ఎప్పుడూ ఇదే మాట" అన్నాడు ఏసేపు.

"మరి నీకేం, గంట కొట్టేకి గుడి దొరికితే చాలు. పండుకోవాల్సింది నేను."

ఖాసీం నవ్వాడు, ఆమె కూడా నవ్వింది, తరువాత చాలాసేపు దగ్గింది.

మరుసటి రోజు ఆదివారం. నేను ఆరాధనకు పోయాను. ముంపు ఊరి వాళ్ళు వెనక, తలుపు దగ్గర కూర్చున్నారు. జీవరత్నం గారు వాళ్ళ కోసం ప్రార్థించాడు, ప్రసంగమూ వాళ్ళను ఉద్దేశించే చేశాడు. మంచి మనిషి; ప్రేమగానే చెప్పాడు. ఇల్లు పోయిందని ఏడవకండి, మన ఇల్లు పైన ఉంది, ఈ లోకంలో మనమంతా యాత్రికులం అన్నాడు. మూడేళ్ళ క్రితం నేను కృష్ణ ఒడ్డున చెప్పిన మాటలే. వినేవాళ్ళ మధ్య కూర్చుంటే అవి వేరుగా వినిపించాయి. చెప్పేవానికి ఇల్లు ఉన్నప్పుడే ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నాకు మొదటిసారి తోచింది.

ఆరాధన తరువాత ఏసేపు నన్ను రాతిగోడ దగ్గరికి పిలిచాడు. దొరసాని రాయి మీద అక్షరాలు అరిగినా చదవడానికి వస్తాయి.

"సార్, ఈయమ్మ యాన్నుంచి వచ్చె?"

"సముద్రం అవతల నుంచి."

"మేము అరవై డెబ్బై మైళ్ళ నుంచి వచ్చినాం. ఆయమ్మది పిలుపు, మాది చెదిరిపోవడం. ఆయమ్మకు గోడ, మాకు యాత్ర. సముద్రం దాటొచ్చినాయమ్మ యాడికీ పోదు, ఈ నేలన పుట్టినోళ్ళం మేము యాడా ఉండం. ఇదెట్ల లెక్క, మీరు కొలతల మనిషి గదా, చెప్పండి."

ఆ మధ్యాహ్నం మాస్టారును అడిగి ఆ రిజిస్టరు మొదటి పుటలు చదివాను. దొరలు వచ్చినప్పుడు రాసుకున్న మాట 'పిలువబడి వచ్చిరి'. సెలవు మీద ఓడెక్కితే 'స్వదేశమునకు'. తిరిగి రాకపోతే 'మరియొక సేవకు'. వాడ మనిషి కరువుకు కూలి వెతుక్కుంటూ పోతే మాత్రం 'చెప్పకుండా పోయెను'. తిరిగొస్తే పేరు పక్కన 'పరీక్షింపవలెను'. కదిలేది ఇద్దరూ. ఒకరి కదలిక దేవుని పని, ఇంకొకరిది క్రమశిక్షణ లోపం. స్టేషన్ అనే ఒక మిషన్ కేంద్రం, దాని చుట్టూ కదలకుండా ఉండే జనం ఉంటేనే దొరలకు రిపోర్టు రాయడం కుదిరేది. ఆ సౌకర్యమే గడిగా మారి, గడి నియమంగా మారి, నియమం చివరికి విశ్వాసంలాగా కనబడసాగింది. దొరలు పోయి దశాబ్దాలైనా ఆ గీతలు మా చేతుల్లో నడుస్తున్నాయి. మాస్టారును తప్పుపట్టే అర్హత నాకు లేదు. మూడేళ్ళ క్రితం నేను నింపిన ముంపు జాబితా ఫారం కూడా ఆ పాలన వదిలిన అచ్చులోనిదే. ఇల్లు, పాక, బావి, చెట్టు.

సోమవారం ఉదయం ఎండ ముదరకముందే పని మొదలుపెట్టాం. హద్దు చూపించాలంటే ముందు కదలని రాయి ఒకటి దొరకాలి. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి ఉంటుంది. దాన్ని ఎవరూ కదిలించరు. అక్కడి నుంచి గొలుసు పరిచి, పుస్తకంలోని కొలతల ప్రకారం సంఘం పట్టా తూర్పు గట్టు వరకు వచ్చాం. మాస్టారు గొడుగు పట్టుకొని మా వెంటే నడుస్తున్నాడు. కంచె దగ్గర ఏసేపు, ఇంకో నలుగురు నిలబడి చూస్తున్నారు.

ఖాసీం మేకు గుచ్చిన చోటు చూసి నేను పుస్తకం మళ్ళీ చూశాను. మేకు రాతిగోడకు పడమట ఉంది.

"సార్, నేనేమన్నా గొలుసు ముడిపడేసినానా?" అన్నాడు ఖాసీం.

శిక్షణలో చెప్పినట్టు నా కొలతను అనుమానించాను. మొదటి నుంచి మళ్ళీ కొలిచాం. అదే చోటు. మూడోసారి దక్షిణం వైపు ఉన్న వేరే సర్వే రాయి నుంచి మొదలుపెట్టి వచ్చాం. రెండు లింకుల తేడా వచ్చింది, అంత తేడా గొలుసు పనిలో సహజం. పట్టా తూర్పు గీత గోడ పడమటి ముఖానికి నలభై ఆరు లింకుల ఇవతలే ఆగిపోతోంది. అంటే దాదాపు ముప్పై అడుగులు. కంచె వరకు ఉన్న ఖాళీ నేలే కాదు, గోడా, గోడ లోపలి మూడు సమాధులూ సంఘం పట్టాలో లేవు.

తాలూకా ఆఫీసులో రాసుకున్న నకలు తీశాను. పక్క నంబరు ఎదురుగా ఉన్నది ఇది: ప్రభుత్వ పోరంబోకు, శ్మశానం, ఊరి బయటి వాడవాళ్ళ వాడుకలో.

నేను గోడ దాటి లోపలికి పోయి దొరసాని రాయి మీది సంవత్సరం చదివాను. తరువాత మాస్టారు దగ్గర ఉన్న పట్టా నకలులో, మిషన్ ఆ భూమి కొన్న సంవత్సరం చూశాను. ఆమె చనిపోయిన తొమ్మిదేళ్ళకు గాని మిషన్‌కు ఆ ఊళ్ళో భూమి లేదు. రికార్డు చెప్పేది ఇంతవరకే. మిగిలింది ఊహ, ఊహను నేను స్కెచ్‌లో గీయను. కానీ సెంటు భూమి కూడా లేని పరాయి మనిషి చనిపోయినప్పుడు, వాడవాళ్ళ శ్మశానంలో ఆమెకు చోటు దొరికిందంటే, ఆ చోటు ఎవరిచ్చి ఉంటారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

మాస్టారు నన్ను పక్కకు తీసుకుపోయాడు. ముఖం పాలిపోయింది. "సార్, మేము అడిగింది తూర్పు హద్దు. గీత ఒక్కటి చూపించండి, చాలు. స్కెచ్‌లో గోడ వేయకండి. అర్జీలో గోడ గురించి అడగలేదు గదా."

సాంకేతికంగా ఆయన మాటలో కొంత పట్టు ఉంది. గోడ లేకుండా గీత మాత్రమే గీస్తే, కంచె దగ్గరున్న వాళ్ళకు అది ఎక్కడ పడిందో కాగితం మీద తెలియదు. సంఘం ఎప్పటిలాగే కంచె వరకు తమదని చెప్పుకోవచ్చు. మూడేళ్ళ క్రితం గడి లేదని ఒకటి వదిలేశాను. ఇప్పుడు అడగలేదని ఇంకొకటి వదిలేయమంటున్నారు.

"మాస్టారూ, హద్దుకు దగ్గరలో శాశ్వత కట్టడం ఉంటే చూపించాలని మా నియమం. మీ రిజిస్టరులాగే నాది కూడా ఒక పద్ధతి" అన్నాను.

సాయంత్రం నాలుగింటికి గుడి వసారాలో కూర్చున్నాం. స్కెచ్ బల్ల మీద పరిచి, ఎర్ర సిరాతో గీసిన గీతను, నల్ల సిరాతో గీసిన గోడను చూపించాను. పోరంబోకు శ్మశానంలో భూస్థాపనకు సంఘం పత్రం అవసరం లేదని, అది తాసిల్దారు పరిధి అని, ఊళ్ళో కాపురమున్నవారు వాడుకోవచ్చని చెప్పాను.

"అంటే... దొరలు ఆక్రమణదారులా?" అన్నాడు మాస్టారు. కోపం కాదు, ఆయన నిజంగా నొచ్చుకున్నాడు.

"ఆ మాట నేను రాయలేదు మాస్టారూ. 'రాతిగోడ, లోపల సమాధులు మూడు' అని మాత్రమే రాశాను."

మెట్ల మీద కూర్చున్న ఏసేపు లేచాడు. "అట్ల అనబాకండి మాస్టరూ. సచ్చినోళ్ళకు చోటిచ్చినారు, అంతే. మా ఊర్లో అయినా ఇచ్చుందుము." దొరసాని గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఒగటే అడుగుతాండా. ఆ పొద్దు ఆయమ్మను చీటీ అడిగిందెవరు?"

జీవరత్నం గారు చేతులు కట్టుకొని స్కెచ్ వైపే చూస్తున్నాడు. తరువాత మాట్లాడింది ఆయనే. "నేను పద్నాలుగేళ్ళలో అయిదు ఊళ్ళు మారినాను. పోయిన ప్రతి ఊళ్ళో నాకు సంఘం ఇల్లు తాళంచెవితో సహా సిద్ధంగా ఉంది. అట్లాంటి నేను నిన్న వీళ్ళకు మనమంతా యాత్రికులం అని చెప్పినాను."

నేను నా ప్రయాణాలు గుర్తుచేసుకున్నాను. బదిలీ అయిన ప్రతిసారీ ముందుగా ఉత్తర్వు, వెనక ప్రయాణ భత్యం. నేనూ యాత్రికుణ్ణే, ఆ విధంగా.

మరుసటి ఉదయం బయలుదేరబోతుంటే ఏసేపు, ఇంకొకాయన మంచం మోసుకొని వస్తూ కనిపించారు. మంచం మీద మార్తమ్మ. తన చోటు తాను చూసుకోవాలని పట్టుబట్టిందట. గోడకు తూర్పున, దొరసాని సమాధికి పది అడుగుల దూరంలో మంచం దించారు. ఆమె చుట్టూ చూసింది. నేల గట్టిగా ఉందా అని చేత్తో తట్టింది.

"దొరసాని పక్కన పండుకుంటే ఇంగ్లీసులో మాట్లాడాల్నేమో అవ్వా" అన్నాడు ఖాసీం.

"ఇన్నేండ్లు ఈడ పండుకోనుండాది, ఆయమ్మకే తెలుగు వచ్చుంటాది" అంది మార్తమ్మ. తరువాత నా వైపు తిరిగింది. "నాయనా, ఈన్నుంచి కాలవ ఎంత దూరం?"

కంటికి కనబడుతున్న దూరమే. అయినా నేను ఉజ్జాయింపు చెప్పలేదు. ఖాసీంతో బండిలోంచి చైన్ దింపించాను. మంచం కోడు దగ్గర మేకు గుచ్చి, కాలువ గట్టు వరకు గొలుసు పరిచాం. ఏసేపు ముందు నడిచి ముళ్ళు తొలగించాడు. దానియేలు మాస్టారు ఎప్పుడు వచ్చాడో, గొడుగు మడిచి, నేను చెప్పకుండానే ఒక్కొక్క చైన్‌కూ పైకి లెక్క చెబుతూ వెంట నడిచాడు.

తిరిగొచ్చి చెప్పాను. "ఇరవై మూడు చైన్ల నలభై లింకులు అవ్వా. పదిహేను వందల అడుగులకు పైమాటే."

"మిట్టనా, పల్లమా?"

"అది చెప్పాలంటే లెవెల్ పరికరం కావాలి. నా దగ్గర లేదు."

"మిట్టే అవ్వా" అన్నాడు ఖాసీం. "నడిచొచ్చిన నా కాళ్ళకు తెలుసు."

"సరే, చాలు" అంది మార్తమ్మ.

మరుసటి ఏడు నేను వేరే చోటికి బదిలీ అయ్యాను. వర్షాకాలం ముగిశాక జీవరత్నం గారి నుంచి ఒక కార్డు వచ్చింది. మార్తమ్మను తాను చూసుకున్న చోటే పెట్టారు. భూస్థాపన రోజున యాత్ర గురించి ఏమీ చెప్పలేదని, ఆమె పుట్టిన ఊరి పేరు, మునిగిన సమాధుల్లో ఉన్న ఆమె బిడ్డల పేర్లు గట్టిగా చదివానని రాశాడు. కింద ఇంకో రెండు వాక్యాలు. దానియేలు మాస్టారు రిజిస్టరులో స్కేలు పెట్టి నాలుగో గడి గీశాడట. దాని మీద 'నీళ్ళు వచ్చినందున మా వద్దకు వచ్చినవారు' అని రాసి, ఏడు కుటుంబాల పేర్లూ ఎక్కించాడట.

ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. ఆ కేసు వల్ల నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పగలను. ఫారంలో గడి లేనంత మాత్రాన నేల మీద ఉన్నది లేకుండా పోదు; గడి గీయవలసిన చెయ్యి అప్పుడు ఆ ఫారం పట్టుకున్నవానిదే. ఇక, ఇల్లు పోయినవారికి యాత్ర గురించి చెప్పబోయే ముందు, చెప్పేవాడు తన సమాధి ఏ సర్వే నంబరులో ఉంటుందో ఒకసారి చూసుకోవాలి.

ఆ మంగళవారం ఉదయపు కొలత ఏ ఎఫ్.ఎం.బి.లోనూ లేదు. దాన్ని ఎవరూ అర్జీలో అడగలేదు; రాయడానికి ఆఫీసులో పుట కూడా లేదు. నా వృత్తిలో వేల కొలతలు తీశాను, రికార్డు చూడకుండా ఈరోజు చెప్పగలిగింది అదొక్కటే. ఇరవై మూడు చైన్ల నలభై లింకులు.